నోరు నీది, చెవి నాది

ఎదురింటి మామయ్య పోయారని తెలిసిన పొద్దున మా అమ్మ ఏడవలేదు, తిట్టలేదు. స్టూలు వేసుకుని అటక మీదున్న టిఫిన్ క్యారియర్ దింపింది. మూడు గిన్నెల స్టీలు క్యారియర్ అది. కోర్టు రోజు తర్వాత మా ఇంట్లో దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అమ్మ దాన్ని పంపు కింద పెట్టి పీచుతో తోముతుంటే ఎందుకని అడిగాను.

"చావింట పొయ్యి వెలగదు కదే. ఎదురిల్లు మనది. మనం పెట్టకపోతే ఎవరు పెడతారు?" అంది.

తమ్ముడు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. జైలు నుంచి వచ్చాక వాడు మాట్లాడేది తక్కువ. అవసరమైతే ఒక ముక్క, లేకపోతే అదీ లేదు. నాకు మాత్రం నోరు ఊరుకోదు. అన్నం పప్పు సరే, దాంతోపాటు నాలుగు మాటలు కూడా కట్టి పంపాలనిపించింది.

ఆయన మాకు మామయ్య ఎలా అయ్యారంటే, అమ్మని చెల్లె అన్నారు కాబట్టి. నాన్న రైల్వేలో ఉద్యోగం చేస్తూ బాపట్ల నుంచి వచ్చి నాచారంలో ఇల్లు కట్టుకున్నారు. సామాన్లు దించిన రోజు మా పంపులో నీళ్ళు రాలేదు. ఎదురింటాయన బిందె భుజాన పెట్టుకుని వచ్చి, "చెల్లె, నీళ్ళు యాడ పెట్టాలె?" అని అడిగారట. ఆ ఒక్క పిలుపుతో మాకు మేనమామ దొరికాడు. వీధిలో మిగతా వాళ్ళకి ఆయన హెడ్ సాబ్. పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబుల్‌గా చేసి రిటైరయ్యారు. పుట్టి పెరిగింది నాచారంలోనే. వాళ్ళ నాన్న జొన్న పండించిన చేలో ఇప్పుడు ఫ్యాక్టరీ షెడ్లున్నాయి.

ఆయన గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. గేటు తట్టేవారు కాదు, బయట నిలబడి చిన్నగా దగ్గేవారు. ఆ దగ్గు వినగానే మా నాన్న కూడా కాలు మీద కాలు తీసేసేవారు. ఉప్పల్లో గిర్నికి వెళ్ళి, జొన్నలు తన కళ్ళ ముందే పిండి పట్టించుకుని, మెట్రో స్తంభాల నీడలో సంచీ భుజాన వేసుకుని నడిచి వచ్చేవారు. ఆటో ఎక్కమంటే, "గిర్ని కాడ గంట కూసున్న బిడ్డా, నడుం పట్టింది, జర నడువనియ్యి" అనేవారు. మాటకు ముందు చేతి గడియారం విప్పి, అద్దం కిందికి వచ్చేలా బల్ల మీద బోర్లా పెట్టడం ఒక అలవాటు. ఆయన గడియారం విప్పారంటే ఎంతసేపైనా కూర్చుంటారని లెక్క.

నేను అయిదో తరగతిలో ఉండగా మా వీధి చివరింట్లో జామకాయలు పోయాయి. కాయలే కాదు, కొమ్మలు కూడా విరిగాయి. ఆ ఇంటావిడ వీధిలో పిల్లలందరి పుట్టుపూర్వోత్తరాలు ఎత్తుతుంటే, మామయ్య మమ్మల్ని పిలిచి తన అరుగు మీద కూర్చోబెట్టుకున్నారు. అత్తమ్మ పళ్ళెం నిండా సకినాలు తెచ్చి పెట్టింది. మేం తిన్నాం. బాగా తిన్నాం. అప్పుడు ఆయన గడియారం విప్పారు.

"చెప్పాల్నని ఏం లేదు బిడ్డా. ఇష్టముంటే చెప్పున్రి, లేకుంటే లేదు. నోరు నీది, చెవి నాది."

అంతే. తర్వాత ఒక్క మాట లేదు. పల్లీలు ఒలుచుకుంటూ కూర్చున్నారు. పొట్టు చిటుక్కుమనడం తప్ప వేరే చప్పుడు లేదు. ముందుగా నా పక్కనున్న పిల్ల ఏడుపు అందుకుంది. తర్వాత అందరం చెప్పేశాం. జామకాయల సంగతే కాదు, ఆయన అడగనివి కూడా. ఒకడు వాళ్ళ నాన్న దొంగచాటుగా సిగరెట్లు తాగుతాడని చెప్పాడు. నేను ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం నేనే పెట్టానని చెప్పాను. సాయంత్రం నాన్న చేతిలో నా వీపు విమానం మోత మోగింది. సకినాలు పెట్టించిన చెయ్యే మోగించిందని, నాన్నకి చెప్పింది మామయ్యేనని, నాకు చాలా ఏళ్ళ దాకా అర్థం కాలేదు.

స్టేషన్లో ఆయన పని తీరు కూడా ఇదేనట. అత్తమ్మే గర్వంగా చెప్పేది. "మీ మామ ఒక్కల మీద చెయ్యెత్తలే. నేను రోజూ రెండు రొట్టెలు ఎక్కువ చేసి పెడ్తుంటి, లోపలున్నోని కోసమని." లోపలున్నవాడంటే ఎవరో ఒక అనుమానితుడు. ఆయన వాడి ఎదురుగా నేల మీద కూర్చుని డబ్బా విప్పేవారు. జొన్నరొట్టె చేత్తో విరిచి పెద్ద ముక్క వాడికిచ్చి, చిన్న ముక్క తను తినేవారు. పచ్చిపులుసు ఒకే గిన్నెలోంచి. చేతులు కడుక్కున్నాక చెప్పాల్సిన అవసరం లేదని చెప్పేవారు. "ఆకలి మీదున్నోడు అబద్ధమాడ్తడు బిడ్డా. కడుపు నిండినోడు నిజం ఆపుకోలేడు" అని మాతో కూడా అన్నారు. అప్పుడది సామెతలా వినపడింది. నవ్వాను కూడా.

డబ్బింగ్ సినిమాల్లో పోలీసులు సంకెళ్ళు వేస్తూ, మౌనంగా ఉండే హక్కు నీకుంది, నువ్వు చెప్పే ప్రతి మాటా నీకు వ్యతిరేకంగా వాడతాం అని గడగడా అప్పజెబుతారు. అది విన్న దొంగ నోరు మూసుకుంటాడు. వాడికేం, వాడికి మేనమామలు లేరు. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఎదురుగా కూర్చుంటే మాట్లాడకుండా ఉండటం హక్కు ఎప్పుడైంది? అది పొగరు. పెద్దాయన అడుగుతుంటే మూగెద్దులా నిలబడతావేంట్రా అని వీపు మీద రెండు పడతాయి. ఆ వీపులే పెద్దయ్యాక స్టేషన్లో నేల మీద కూర్చుంటాయి. అప్పుడెవరో వచ్చి, కడుపు నిండా పెట్టి, చెప్పకపోయినా ఫరవాలేదంటే ఏం చేస్తాయి? కృతజ్ఞత చూపిస్తాయి. చూపించడానికి వాళ్ళ దగ్గర ఇంకేం ఉంటుంది?

తమ్ముడు నాచారం పారిశ్రామికవాడలో ఒక చిన్న ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. సరుకు వెనక తలుపు గుండా బయటికి పోతోందని సేటు ఆ తలుపుకి తాళం వెయ్యమన్నాడు. తమ్ముడు వేశాడు. తాళంచెవి వాడి జేబులోనే ఉండేది. ఒక మధ్యాహ్నం మోటారు దగ్గర నిప్పంటుకుంది. వాడు టీ తాగడానికి గేటు బయటికి వెళ్ళాడు. ముందు వైపున్న వాళ్ళు తప్పించుకున్నారు. వెనక పనిచేస్తున్న ఒకతను తాళం వేసిన తలుపు దగ్గర పొగలో ఊపిరాడక చనిపోయాడు. అన్నోజిగూడ నుంచి రోజూ పనికి వచ్చే మనిషి. ఆ సాయంత్రం తమ్ముడు ఇంటికి వచ్చి, వంటింట్లో అమ్మ ముందూ నా ముందూ అంతా చెప్పి, నేల మీద పడుకుండిపోయాడు.

మర్నాడు స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. "ఏం లేదు, ఒకసారి వచ్చి పో" అన్నారు. ఏం లేదన్న మాటే అమ్మని భయపెట్టింది.

"ఎదురుగా అన్నయ్యగారున్నారు కదా. లోపలి సంగతులు ఆయనకి తెలుస్తాయి. స్టేషన్లో ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో అడిగిరండి నాన్నా" అని మా ఇద్దర్నీ పంపింది. నోరు ఎలా మూసుకోవాలో నేర్చుకోవడానికి ఆయన దగ్గరికి పంపింది. మాకంతకంటే దగ్గరి వాళ్ళెవరున్నారు?

మామయ్య మమ్మల్ని చూసి గడియారం విప్పారు. అత్తమ్మ రొట్టెలు తెచ్చింది. తమ్ముడు నిన్నటి నుంచి ఏమీ తినలేదు. మామయ్య రొట్టె విరిచి పెద్ద ముక్క వాడి చేతిలో పెట్టి, వాడు రెండు ముద్దలు మింగేదాకా ఆగారు. తర్వాత ఎంతో ప్రేమగా చెప్పారు. ప్రేమ లేదని నేను ఇప్పటికీ అనను.

"సూడు అల్లుడా. స్టేషన్ల ఏమడిగినా నీ మీద నువ్వే సాక్ష్యం చెప్పాల్నని లేదు. అది చట్టంల ఉన్నది. ఆడ ఒప్పుకున్నవని వాళ్ళు రాసుకున్నా అది కోర్టుల చెల్లది. నాకు గూడ చెప్పకు. నేను నౌకరీల ఉన్నప్పుడు వేరే. ఇప్పుడు నేను మామూలు మనిషిని. నాకు చెప్పింది కోర్టు దాంక పోతది. చెప్పాల్నని ఏం లేదు. నోరు నీది, చెవి నాది."

ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెబుతారు? ఏ సినిమా పోలీసూ ఇంత వివరంగా చెప్పడు. చెప్పి, పల్లీలు ముందుకు లాక్కున్నారు. చిటుక్కు. చిటుక్కు. నేను తమ్ముడి మోచెయ్యి నొక్కాను. లే, పోదాం అన్నట్టు. వాడు లేవలేదు. చేతిలో రొట్టె ముక్క చూసుకుంటూ కూర్చున్నాడు. వాడి గొంతు కదలడం నాకు కనపడుతోంది.

"తాళం నేనే ఏసిన మామా" అన్నాడు. "చెవి నా జేబులనే ఉండె. నేను బయట చాయ్ తాగుతున్న."

మామయ్య తల ఊపారు. ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "ఎవరన్న ఏయమన్నరా?"

అప్పుడు, సరిగ్గా అప్పుడు, మా వాడు నోరు మూసుకున్నాడు. నాన్న పోయినప్పుడు పాడె దగ్గర్నుంచి పదకొండో రోజు భోజనాల దాకా సేటు దగ్గరుండి చూసుకున్నాడు. ఆ ఇంటి ఉప్పు తిన్నాడు కాబట్టి సేటు పేరు చెప్పలేదు. ఈ ఇంటి ఉప్పు తిన్నాడు కాబట్టి తన పేరు చెప్పాడు. ఇలాంటి బుద్ధిహీనత మా ఇళ్ళల్లోనే పుడుతుంది. దాన్ని మేం మర్యాద అంటాం. నేనే చెప్పాలని నోరు తెరిచాను. తమ్ముడు నా వైపు చూసిన చూపుకి ఆగిపోయాను.

రెండో రోజు జీపు మా గేటు ముందు ఆగింది. వాణ్ణి ఎక్కిస్తూ ఒక కానిస్టేబుల్, "ఇంకేముంది అన్నా, హెడ్ సాబ్‌కు అంత చెప్పినవంట గద" అన్నాడు. నేను ఎదురింటి వైపు చూశాను. తలుపు తెరిచే ఉంది. మామయ్య గుమ్మంలో నిలబడి ఉన్నారు. దాక్కోలేదు.

రామంతాపూర్‌లో వకీలమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ మొదట ధైర్యంగానే ఉంది. పోలీసులకి చెప్పింది ఒప్పుకోలు కింద చెల్లదంది. మేజిస్ట్రేటు ముందు చెప్పాలంటే ఆయన ముందు హెచ్చరిస్తాడు, ఆలోచించుకోమని టైమిస్తాడు, తొందరేం లేదంది. నేను రొట్టెల సంగతి చెప్పాను. ఆవిడ కలం కింద పెట్టింది.

"రిటైరైన మనిషా? పైంగ చెప్పద్దని ముందే వార్నింగ్ గూడ ఇచ్చిండా?"

"అవునండీ. మళ్ళీ మళ్ళీ చెప్పారు."

"అయితే ఇంకా గట్టిగ నిలబడ్తది అమ్మా. బెదిరించలే, ఆశ పెట్టలే, వద్దన్నా చెప్పిండు అంటరు. ఉత్త మాట మీదనే శిక్ష ఎయ్యరనుకో. కానీ తాళంచెవి గూడ మీ తమ్ముని దగ్గరనే దొరికింది." కలం మళ్ళీ చేతిలోకి తీసుకుని, "ఆయన కోర్టుకొచ్చి గట్టిగ చెప్పకుంటేనే మీకు దారి" అంది.

సేటుకి వేరే వకీలున్నాడు. సేటు స్టేషన్‌కి వెళ్ళి మంచినీళ్ళు కూడా ముట్టుకోకుండా కూర్చుని వచ్చాడట. ఏమడిగినా మా వకీలు చెబుతాడన్నాడట. మౌనంగా ఉండటానికి అతనికెవరూ శిక్షణ ఇవ్వక్కర్లేకపోయింది.

తమ్ముడు బెయిలు మీద వచ్చాడు. కేసు విచారణకొచ్చేలోపు నేనొక సాయంత్రం ఎదురింటికి వెళ్ళాను. ఉప్పల్లో ఆఫీసు నుంచి అటే వెళ్ళాను, ఇంటికి వెళ్తే ధైర్యం పోతుందని. బతిమాలుదామనే వెళ్ళాను. మామయ్య నన్ను చూడగానే, "తిన్నవా బిడ్డా?" అన్నారు. అత్తమ్మ పళ్ళెం పెట్టింది. అలవాటు చొప్పున చెయ్యి పెట్టి ముక్క తుంచాను.

"మీరు చెప్పకపోతే వాడు బయటపడతాడు మామయ్యా. వాడు మీ చేతుల్లో పెరిగినవాడు" అన్నాను.

"పెరిగిండు" అన్నారు ఆయన. "అన్నోజిగూడ నుంచి సచ్చిపోయినోని భార్య గూడ వచ్చింది. నువ్వు కూసున్న కాడనే కూసున్నది. రొట్టె పెడ్తే ముట్టలే. ఏం అడగలే, ఏం చెప్పలే. గట్లనే కూసోని పోయింది. నా ఎదురుంగ అట్ల కూసున్నోళ్ళను నేను ఎన్నడు సూడలే."

ఆయన చెయ్యి గడియారం మీదికి వెళ్ళింది. అలవాటుగా వెళ్ళిందో, కావాలని వెళ్ళిందో నాకు తెలియదు. విప్పారు. బోర్లా పెట్టారు.

"నువ్వు గూడ ఏదో మనసుల పెట్టుకొని వచ్చినవ్. చెప్పాల్నని ఏం లేదు."

నా నాలుక కదిలిందని నాకు తెలుసు. నిప్పంటుకున్న రోజు సాయంత్రం వాడు వంటింట్లో అమ్మకీ నాకూ ఇదే మాట చెప్పాడని నోటి చివరిదాకా వచ్చింది. చెప్పి ఉంటే అమ్మని కూడా కోర్టు బోనెక్కించేదాన్ని. వేళ్ళ మధ్య రొట్టె ముక్క వేడిగా ఉంది. దాన్ని పళ్ళెంలో పెట్టేసి, చెయ్యి కడక్కుండా లేచి వచ్చేశాను. ఇంటికొచ్చి పంపు దగ్గర కూర్చుని భయంతో ఏడ్చాను. చంపుతానన్న మనిషికి కూడా నేనంత భయపడి ఉండేదాన్ని కాదు.

ఆయన సాక్ష్యం ఇవ్వాల్సిన రోజు అమ్మ తెల్లారేసరికే లేచింది. ఆయనకిష్టమని గోంగూర పచ్చడి నూరింది. పప్పు, అన్నం, గడ్డ పెరుగు. అన్నం పక్కనే పచ్చడి పెట్టి, మూడు గిన్నెల్లో సర్ది నా చేతికిచ్చింది.

"ఎందుకమ్మా ఇది?"

"మన ఉప్పు కూడా తినాలి కదా ఆయన" అంది. కోర్టు, సెక్షన్లు, ఒప్పుకోలు, ఇవేవీ అమ్మకి రావు. కానీ ఆయన విద్య మాత్రం అమ్మ పట్టేసింది.

అత్తమ్మ చేతికిచ్చి వచ్చాను. మా రెండిళ్ళ మధ్య ఎప్పుడూ ఒక ఆనవాయితీ ఉండేది. వచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి పోదు. పచ్చడి పెట్టి పంపితే గుప్పెడు పల్లీలో, నాలుగు సకినాలో వేసి ఇస్తారు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదార. అందుకని గిన్నెలో ఏమొస్తుందోనని ముగ్గురం గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాం. తమ్ముడు కోర్టుకి ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టు దువ్వుకుని కూర్చున్నాడు.

గేటు బయట దగ్గు వినిపించింది.

మామయ్యే వచ్చారు. తెల్ల చొక్కా వేసుకున్నారు. క్యారియర్‌ని పిట్టగోడ మీద పెట్టారు. అమ్మ వెళ్ళి ఎత్తితే బరువుగా ఉంది. మూత తీసింది. పెరుగు మీద గీత కూడా పడలేదు.

"తినలే చెల్లె" అన్నారు, అమ్మ మొహం చూడకుండా. "తింటే ఆడ నిలబడలేను."

అమ్మ మూత మళ్ళీ బిగించింది. తమ్ముడు లేచి చెప్పులేసుకున్నాడు. కోర్టుకి వెళ్ళకముందే మాకు తీర్పు తెలిసిపోయింది.

బోనులో ఆయన ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు, ఒక్క మాట తక్కువ చెప్పలేదు. చెప్పద్దని హెచ్చరించానన్నారు. రొట్టె పెట్టానని కూడా దాచలేదు. ఎవరు వెయ్యమన్నారని అడిగితే పిల్లవాడు పలకలేదన్నారు. అప్పుడు మాత్రం సేటు వకీలు వైపు ఒకసారి చూశారు. తమ్ముడికి శిక్ష పడింది. సేటు ఇంటికి వెళ్ళాడు. ఆయన చెప్పిందాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అందుకే ఆయన్ని క్షమించడం నాకింత కష్టమైంది.

తర్వాత కూడా ఆయన ఉప్పల్ నుంచి జొన్నపిండి సంచీ మోసుకుంటూ మా గేటు ముందు నుంచే వెళ్ళేవారు. దగ్గేవారు కాదు. తమ్ముడు శిక్ష అనుభవించి వచ్చి నాగారంలో ఒక స్పేర్ పార్టుల షాపులో చేరాడు. వాళ్ళిద్దరూ వీధిలో ఎదురుపడితే మామయ్యే పక్కకి తప్పుకునేవారు.

ఇవాళ అమ్మ అన్నం, పప్పు, పెరుగు సర్దింది. గోంగూర చెయ్యలేదు. నేను క్యారియర్ అందుకోబోతే తమ్ముడు ముందుకొచ్చి, "నేను తీసుకుపోతా" అన్నాడు. వాడు ఆ గడప తొక్కి ఎన్నాళ్ళైందో. నేను వెనకే వెళ్ళాను, వాడి కోసం కాదు, నా భయం కొద్దీ.

ఆయన్ని అప్పటికే తీసుకెళ్ళిపోయారు. అత్తమ్మ గోడకానుకుని కూర్చుంది. బల్ల మీద గడియారం ఉంది, అద్దం కిందికి. ఎవరు పెట్టారో. తమ్ముడు కింద కూర్చుని, విస్తరి పరిచి, అన్నం వడ్డించాడు. అత్తమ్మ ముద్ద కలపకుండా వాడి మొహమే చూసింది.

"మీ మామ మీద కోపమున్నదా బిడ్డా?"

గదిలో బంధువులంతా మాటలాపారు. నాకు ఆ నిశ్శబ్దం తెలుసు. పల్లీల పొట్టు చప్పుడొక్కటే తక్కువ. తమ్ముడి గొంతు కదలడం మళ్ళీ కనపడింది. చెప్పేస్తాడనుకున్నాను. లేదని చెప్పినా, ఉందని చెప్పినా, వాడు మళ్ళీ ఆ రోజులాగే ఎవరి ముందో అంతా ఒలకబోస్తాడనుకున్నాను.

వాడు పెరుగు గిన్నె మూత తీశాడు.

"చెప్పాల్నని ఏం లేదు గద అత్తమ్మా" అన్నాడు నెమ్మదిగా. "నువ్వు తిను."

ఆమె చాలాసేపు వాణ్ణి చూసి, విస్తరిలోకి చెయ్యి పెట్టింది.